లోపలికి ఆవిణ్ణి పిలిచారు

"మీరు కాదు సార్. మేడమ్‌గారిని ఒక్కరినే రమ్మన్నారు."

కార్యదర్శి ఈ మాట అనేసరికి మంత్రిగారు లేచి నిలబడి, చొక్కా ముడతలు సవరించుకుని, ముఖానికి సరిపడా నవ్వు తెచ్చుకుని, తలుపు వైపు రెండడుగులు కూడా వేసేశాడు. వేసిన అడుగు వెనక్కి తీసుకోవడం ఎంత ఇబ్బందో శాసనసభలో ఎందరికో రుచి చూపించినవాడే, ఇవాళ ఆ రుచి తనకే తగిలింది. ఆయన భార్య కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. లేచి, చేతిసంచీ ఎక్కడ పెట్టాలో తోచక అటూ ఇటూ చూసి, "ఇది కాస్త పట్టుకోండి" అని ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ముఖ్యమంత్రి గది తలుపుకి లోపలి వైపు మెత్త కుట్టి ఉంటుంది. మూసుకున్నప్పుడు చప్పుడు కాదు. మూసుకున్నాక లోపలి మాట బయటికి రాదు. ఆ మెత్త వేయించింది తనే, ఆ ఏడాది భవనాల శాఖ కూడా తన దగ్గరే ఉండేది.

తలుపు బయటి ఈ గదిలో ఆయన ఇదివరకు కూర్చుని ఎరగడు. మంత్రులు రావడానికి పక్కనుంచి వేరే దారి ఉంది. ఈ గది టికెట్టు అడగడానికి వచ్చేవాళ్ళకీ, బదిలీ ఆపించుకోవడానికి వచ్చేవాళ్ళకీ, ఎందుకు వచ్చారో చెప్పడానికి కూడా జంకేవాళ్ళకీ. ఎప్పుడైనా ఇటుగా దాటుకుంటూ వెళ్తే వాళ్ళంతా గబుక్కున లేచేవారు, ఆయన చేత్తోనే కూర్చోమనేవాడు. ఆ చెయ్యి ఇప్పుడు సంచీ పట్టుకుని ఉంది. గోధుమరంగు సంచీ, మూల దగ్గర కుట్టు ఊడింది, మంత్రి భార్య పట్టుకోదగ్గ సంచీ కాదని ఎన్నిసార్లో చెప్పాడు, జిప్పు బాగానే ఉంది కదండీ అంటుంది. పక్క కుర్చీలో పెడదామా? పెడితే ఎవరో రాబోతున్నారని కుర్చీ పట్టి ఉంచినట్టుంటుంది. ఒళ్ళో పెట్టుకుంటే తనే ఎవరికోసమో కాచుకుని కూర్చున్నట్టుంటుంది, అయినా కూర్చున్నమాట నిజమే కదా, దాచడానికి ఇక్కడ చూసేవాళ్ళు మాత్రం ఎవరున్నారు. ఒళ్ళోనే ఉంచుకున్నాడు. ఎన్నికలు నెత్తి మీదికొచ్చాయి, ఇవాళో రేపో జాబితా. నిన్న సాయంత్రం ఫోను చేసి "మేడమ్‌గారిని కూడా వెంటబెట్టుకు రండి" అన్నప్పుడు అది మర్యాద అనుకున్నాడు. ముఖ్యమంత్రికి అలాంటివి అలవాటే, పార్టీలో అందరూ ఆయన్ని పెద్దాయన అనేది వయసుకే కాదు, ముందు బాగోగులు అడిగి, తరవాత చీవాట్లు పెట్టి, చివరికి భుజం తట్టి పంపించే ఆ పద్ధతికి. చీవాట్లకి మంత్రిగారు సిద్ధపడే వచ్చాడు. సర్వేలో తన పేరు ఎంత కిందికి పోయిందో తెలుసు. దారిలో కారులో భార్యకి చెప్పాడు కూడా, "ఆయన ఏమడిగినా నువ్వు బాగున్నామండీ అను చాలు, మిగతాది నేను చూసుకుంటా." ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "బాగున్నామా?" అంది. వెటకారమో నిజంగానే అడిగిందో తేల్చుకునేలోపు గేటు వచ్చేసింది.

ఏం మాట్లాడుతోంది లోపల? ఎదుటి గోడ మీద వరసగా ఫొటోలు, మంత్రివర్గాలవి, ఒక్కో ప్రభుత్వానిదీ ఒక్కొక్కటి. ఫొటోలు కనిపిస్తే ఆయన కళ్ళు ముందు మనుషుల్ని చూడవు, వెలుగు ఎటునుంచి పడిందో చూస్తాయి, రాజకీయాలు ఎన్ని మప్పినా ఆ పాత బుద్ధి పోలేదు. ఊళ్ళో స్టూడియో పెట్టినప్పుడు ఆయనకి మీసాలు సరిగ్గా రాలేదు. సినిమాహాలు పక్క సందులో ముందుగది, వెనక చీకటిగది, ఆ రెంటి మధ్యా నల్లగుడ్డ. బడిపిల్లల గ్రూపు ఫొటోలు, పదవీ విరమణ ఫొటోలు, ఫుట్‌బాల్ జట్లు. ఎత్తువాళ్ళని వెనక్కి, పొట్టివాళ్ళని ముందుకి, పెద్దవాళ్ళని కుర్చీల్లోకి సర్దడంలో ఎంత రాజకీయం ఉందో అక్కడే తెలిసింది. కుర్చీ దక్కనివాడి ముఖం ఫొటోలో ఎలా వస్తుందో, ఆ ముఖాన్ని చివరి క్షణంలో ఒక్క పలకరింపుతో ఎలా విప్పాలో, "మాస్టారూ, మీరు కాస్త ఇటు జరిగితే తప్ప ఈ ఫొటోకి నిండు రాదండీ" అని ఎవరితో ఎప్పుడు అనాలో. ఆ విద్యతోనే వార్డు మెంబరు నుంచి ఇక్కడిదాకా వచ్చాడు. తొలిసారి మంత్రివర్గంలో చేరినప్పుడు వెనక వరసలో ఒక చెవి, సగం నవ్వు మాత్రమే కనపడింది. తరవాతిసారి మధ్య వరస. ఈసారి కుర్చీ, కొసన అయితేనేం, కుర్చీయే. ఇక్కణ్ణించి చూస్తే తన ముఖం మీద వెలుగు బాగానే పడింది, ఆ నవ్వే, అది పెళ్ళివారి ఫొటోలో దూరపు చుట్టం నవ్వులా ఉంది.

చీకటిగది వెనక ఆవిడ బల్ల ఉండేది. వాలుగా నిలబెట్టిన అద్దం, అద్దం కింద దీపం, దాని మీద నెగెటివు, చేతిలో సూదిలా చెక్కిన పెన్సిలు. టచింగ్ పని. పెళ్ళయిన కొత్తలో సరదాగా నేర్పాడు. ఆర్నెల్లు తిరక్కుండా ఆవిడ పని ముందు ఆయన చెయ్యి ఎందుకూ పనికిరాకుండా పోయింది. మశూచి మచ్చలు, కంటి కింద నలుపు, ఏడ్చి వచ్చిన కళ్ళ ఉబ్బు, అన్నీ ఆ పెన్సిలు కొసకి తెలుసు. అయితే అన్నిటినీ తుడిచేసేది కాదు, అదీ తగువు. పెళ్ళిచూపులకి పంపే ఫొటోలో దవడ మీద పుట్టుమచ్చ ఉంచేసిందని ఒక తండ్రి గొడవకొస్తే, "రేపు అమ్మాయిని చూసినవాళ్ళు మచ్చ ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే ఏం చెబుతారండీ?" అంది. ఆ తండ్రి నసిగి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఫొటో దిగడానికి ముందుగదిలోకి వచ్చి, మాట్లాడ్డానికి వెనకగదిలోకి పోయేవారు. నల్లగుడ్డ అవతల గుసగుసలు, ఒక్కోసారి నవ్వులు, ఒక్కోసారి చాలాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఏమిటే అంత మాట్లాడుకున్నారు అని అడిగితే ఏం లేదండీ అనేది. వార్డు ఎన్నికల్లో నిలబడ్డప్పుడు తను ఎన్ని గడపలు తొక్కాడో, ఎంత గొంతు చించుకున్నాడో. గెలిచిన రోజు ఒక ముసలావిడ వచ్చి, "టచింగ్ అమ్మాయి మొగుడివని వేశాం నాయనా, మరచిపోకు" అంది. ఆ మాటని ఎన్ని సభల్లో చెప్పి నవ్వించాడో! జనం పగలబడేవారు. ముందు వరసలో కూర్చుని ఆవిడా నవ్వేది. ఆ ముసలావిడ మాత్రం జోకు వెయ్యడానికి రాలేదు. ఆ సంగతి ఇప్పుడు, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్నాక తోచింది, ఇన్నేళ్ళూ ఎందుకు తోచలేదు?

జవాను ట్రేలో రెండు కప్పుల టీ తెచ్చాడు. తెల్లజుట్టు మనిషి, ఎన్ని ప్రభుత్వాలు మారినా ఇక్కడే ఉన్నాడు. రెండో కప్పు ఎవరికో అర్థంకాక నిలబడి, "మేడమ్‌గారికి లోపలికి పంపించేదా సార్?" అన్నాడు. లోపల ఇచ్చి ఉంటారులే అన్నాడు మంత్రిగారు. ఇచ్చే ఉంటారు, ఇవ్వకపోయినా ఆవిడ అడగదు. కాదు, అడుగుతుంది, ఈమధ్య అడుగుతోంది. జేబులో ఫోను అదిరింది. కూతురు, వేరే ఊళ్ళో బ్యాంకులో పని, భోజనం వేళకి ఫోను చెయ్యడం అలవాటు.

"ఏమన్నారు నాన్నా?"

"ఇంకా ఏం అనలేదమ్మా. అమ్మ లోపలుంది."

"మీరో?"

"బయట."

అవతల నవ్వు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. "నవ్వకే" అన్నాడు, ఆయనకీ కాస్త నవ్వొచ్చింది. "సర్లే, తరవాత మాట్లాడతా" అని పెట్టేశాడు. టీ చల్లారిపోయింది.

ఆవిడ రాజధానికి రానంది. మంత్రి అయిన కొత్తలో పెద్ద ఇల్లు ఇచ్చారు, ముందు పచ్చిక, వెనక నౌకర్ల గదులు, వచ్చి చూసింది, పచ్చిక మీద చెప్పుల్లేకుండా కాసేపు నడిచింది, "అక్కడ నాకేం పనండీ?" అని మర్నాడు రైలెక్కింది. స్టూడియో తమ్ముడికి అప్పగించినా సాయంత్రాలు అక్కడే కూర్చునేది, టచింగ్ కాలం పోయి కంప్యూటర్లు వచ్చినా ఆడవాళ్ళు వెనకగదికి రావడం మానలేదు. ఇక్కడ ఆయన పొద్దున్నే జనాన్ని చూసేవాడు. మొదట్లో ఒక్కో ముఖం ఒక్కో ఊరు, ఒక్కో కథ. ఈ పెద్దమనిషి గడ్డం కింద గీత తండ్రిది, ఈ కుర్రాడి కళ్ళు మేనమామవి, పేరు పెట్టి పిలిస్తే పొంగిపోయేవారు. ఎప్పుడు మారిందో తెలీదు. ముఖాలు పోయి చేతులు కనపడటం మొదలైంది, కాగితాలు చాచే చేతులు. తీసుకోవడం, పక్కనున్న వాడికివ్వడం, చూస్తాం అనడం. ఏమీ చెయ్యలేదని ఎవరూ అనలేరు, బస్టాండుకి కప్పు వేయించాడు, ఆడపిల్లల హాస్టలు కట్టించాడు, ఆసుపత్రికి రెండో అంతస్తు తెచ్చాడు. డబ్బు తినలేదు కూడా, శత్రువులే ఒప్పుకుంటారు. తనకి కావలసింది అది కాదు. పిలవగానే పదిమంది లేవడం, తను గదిలోకి రాగానే మాటలు ఆగిపోవడం, కారు ఆగకముందే తలుపు తెరుచుకోవడం. ఆ రుచి ఒకటుంది, అది ఎవరికీ లెక్క చెప్పక్కర్లేనిది.

లోపల ఆవిడ నీళ్ళ సంగతి చెబుతోంది. అదే చెబుతూ ఉంటుంది, ఇంకేముంటుంది. మంచినీళ్ళ శాఖ తనకొచ్చిన నాలుగో వానాకాలం, ఊళ్ళో కామెర్లు మొదలయ్యాయి. ముందు మిల్లు వెనక పేటలో, తరవాత సినిమాహాలు సందులో, స్టూడియో ఉన్న సందులోనే. సభలో ప్రతిపక్షం లేచింది. అధికారులు కాగితం చేతికిచ్చారు, ఆయన నిలబడి చదివాడు, "ట్యాంకు నీటిని పరీక్షించాం అధ్యక్షా, నీళ్ళలో ఏ లోపమూ లేదు." అబద్ధం కాదు. ట్యాంకులో లోపం లేదు. బల్లలు చరిచారు, కూర్చున్నాడు, చమట తుడుచుకున్నాడు, బాగా చదివావని పెద్దాయన తల ఊపాడు. ఆ సాయంత్రం ఆవిడ ఫోను చేసింది. "ట్యాంకులో నీళ్ళు ఎవరూ తాగరండీ. కుళాయి నీళ్ళు తాగుతారు." ఆ ఒక్క మాటే. పెట్టేసింది. రాత్రంతా ఆ మాట అలాగే చెవిలో ఉండిపోయింది, మర్నాడు లేచి సవరించి చెబుదామా అనుకున్నాడు, పెద్దాయన వద్దన్నాడు. "ఒకసారి చెప్పింది మార్చావంటే రేపు మనం చెప్పేది ఏదీ నిలబడదు." సరేనన్నాడు. అంత తేలిగ్గా ఎలా అన్నాడు? తేలిగ్గా ఏమీ అనలేదు, కాస్త ఆగి అన్నాడు. ఆగినంత మాత్రాన తేడా ఏమిటి?

ఆ వారమే దర్జీ చిన్నకూతురు పోయింది. కాలేజీలో చేరిన ఏడాది. దర్జీ కొట్టూ స్టూడియో గోడకి గోడ, కుట్టుమిషను చప్పుడు చీకటిగదిలోకి వినపడేది, ఆ చప్పుడుని బట్టి కడుగుతున్న ప్లేటు ఎప్పుడు తియ్యాలో లెక్క వేసుకునేవాడు తను. ఆ పిల్ల మొదటి ఫొటో తీసింది తనే. ఎన్ని తాళాలగుత్తులు ఊపినా కెమెరా వైపు చూడక దీపం వైపు చెయ్యి చాచింది. ఆ చెయ్యి కదిలిపోయి పొగలా వచ్చింది, బాగా రాలేదు మళ్ళీ తీస్తానంటే దర్జీ వద్దన్నాడు, ఇదే బావుందిరా స్టూడియో, అన్నాడు. ఊళ్ళో తనని ఏరా అనేవాడు అతనొక్కడే మిగిలాడు. మంత్రి అయ్యాక కూడా, పోలీసుల మధ్యలోంచి, "ఏరా స్టూడియో, భుజాలు వంగిపోతున్నాయి, చొక్కా కొలత మార్చాలి నీకు" అని అరిచేవాడు, చుట్టూ ఉన్నవాళ్ళు బిక్కచచ్చిపోయేవారు, తనకి మాత్రం ఆ పూటంతా హాయిగా ఉండేది.

పిల్ల పోయిన మర్నాడు ఆవిడ మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి ఇంజనీరు గదిలో కూర్చుంది. అంతే, కూర్చుంది. సినిమాహాలు సందులోని ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి వరండాలో కూర్చున్నారు. ఇంజనీరు పాపం మంచివాడే, గొట్టం ఎక్కడ చిల్లిపడి ఉంటుందో అతనికి అనుమానం ఉంది, మురుక్కాలవ అడ్డంగా దాటే చోట. అయితే ఆ చోటు మీదుగా కొత్త సిమెంటు రోడ్డు పడింది, ఎండాకాలంలోనే తను రిబ్బను కత్తిరించి నడిచిన రోడ్డు, పక్కన రాయి మీద తన పేరు. మంత్రిగారి రోడ్డు మంత్రిగారి మాట లేకుండా ఎవరు తవ్వుతారు? "తవ్వండి, ఆయనతో నేను మాట్లాడతా" అందట. రాత్రి దాకా తవ్వారు. చిల్లి అక్కడే ఉంది. మర్నాడు పత్రికల్లో గునపాలు, పెచ్చులు లేచిన రోడ్డు, పక్కన చేతులు కట్టుకుని ఆవిడ. ఒళ్ళు మండిపోయి ఫోను చేశాడు.

"నా శాఖ మీద నువ్వే ధర్నా చేస్తావా?"

"ధర్నా ఎక్కడ చేశానండీ? కుర్చీలో కూర్చున్నా. మీ వాళ్ళే వేశారు కుర్చీ."

"నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే తవ్వించేవారా?"

ఆ తరవాత అరిచాడు, ఏం అరిచాడో గుర్తులేదు. ఆ వారాంతం ఊరు వెళ్ళి దర్జీ ఇంటికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. పోలీసుల్ని సందు మొదట్లోనే ఆపించాడు. దర్జీ అరుస్తాడనుకున్నాడు, చొక్కా పట్టుకుంటాడనుకున్నాడు, పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు, దానికైతే ఒక సమాధానం ఉంటుంది, కౌగలించుకోవచ్చు, కలిసి ఏడవచ్చు. దర్జీ మిషను ముందునుంచి లేచాడు. "కూర్చోమ్మా" అన్నాడు ఆవిడతో. ఆ తరవాత ఆయన వైపు తిరిగి, భుజం మీది టేపు తీసి చేతిలో చుట్టుకుంటూ, "మీరు కూడా కూర్చోండి" అన్నాడు.

మీరు. కూర్చోండి. జీవితంలో ఎందరో మీరన్నారు, కలెక్టర్లు అన్నారు, మిల్లు యజమానులు అన్నారు, అనిపించుకోవడానికే ఇంత దూరం నడిచాడు. ఆ ఒక్క మీరు మాత్రం గోడలా లేచి మధ్యలో నిలబడింది. ఆ తరవాత ఎన్నిసార్లు కనపడినా దర్జీ మర్యాద తప్పలేదు. నమస్కారమండీ, బాగున్నారా అండీ. చొక్కా కొలత గురించి ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఆ సంగతి ఆవిడకి తెలుసా? ఆ రోజు పక్కనే ఉంది, విన్నది, దారిలో ఏమీ అనలేదు. ఇప్పుడు లోపల అదంతా చెబుతోందేమో. చెప్పదు. ఇంట్లో సంగతి వీధిలో చెప్పే మనిషి కాదు. కాదని నమ్మకం ఏమిటి, వెనకగదిలో నల్లగుడ్డ అవతల ఏం మాట్లాడేదో ఒక్కనాడైనా తెలిసిందా? తలుపు దగ్గరికి వెళ్ళి చెవి ఒగ్గుదామనిపించింది, మెత్త వేయించిన తన తెలివిని తనే తిట్టుకున్నాడు. టికెట్టు ఆవిడకిస్తారు. ఆ మాట నిన్న రాత్రి నుంచీ తెలుసు, తెలియనట్టు తనతోనే నాటకం ఆడుతున్నాడు. సర్వేలో ఆవిడ పేరు వచ్చిందని ఎవరో చెప్పబోతే మాట మార్చేశాడు. ఆవిడ వద్దంటుంది. వద్దండీ, నాకేం తెలుసు, అంతా ఆయనే, అంటుంది. అనాలి. అంటే తను ఏం చెయ్యాలి, సంతోషించాలా? అంటుందని ఒకవైపు గట్టిగా కోరుకుంటూ, అన్న మరుక్షణం ఆవిడ తన కళ్ళకి ఎంత చిన్నదైపోతుందో కూడా కనపడుతోంది. రెండూ ఒకే గుండెలో ఎలా ఇముడుతున్నాయో తెలీదు. అసూయా ఇది? భార్య మీద అసూయ అని ఎవరికైనా చెప్పుకోగలడా? ఎదురు పార్టీవాడి మీద పడితే పగలంతా ఉత్సాహంగా ఉంటుంది, ఇది అలా లేదు. ఇది నలుగురిలో నడుస్తూ కాలు మెలికపడ్డట్టుంది, నొప్పికంటే ముందు ఎవరైనా చూశారా అన్న సిగ్గు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చింది. ముఖంలో ఏమీ లేదు, ఆ ముఖాన్ని ఆయన ఎన్నిసార్లు ఫొటో తీశాడో, ఎప్పుడూ ఇంతే, నవ్వమంటే నవ్వదు. పక్క కుర్చీలో కూర్చుని సంచీ తీసుకుంది.

"ఏమన్నారు?"

"నిలబడతావా అమ్మా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"నిలబడతానన్నాను."

అంతే. "నన్నొక్క మాట అడగాలనిపించలేదా?" అన్నాడు ఆయన.

"అనిపించింది. లోపలికి వెళ్ళేటప్పుడు మీ ముఖం చూశాను." ఆవిడ సంచీ జిప్పు తీసి మళ్ళీ వేసింది. "అడిగితే మీరు వద్దనలేరు, సరే అనలేరు. ఎందుకండీ మిమ్మల్ని అంత ఇబ్బంది పెట్టడం?"

కార్యదర్శి వచ్చాడు. "సార్, ఇప్పుడు మిమ్మల్ని రమ్మంటున్నారు."

లోపల పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. బాగోగులు అడగలేదు, చీవాట్లు పెట్టలేదు. "మీ ఆవిడ ఒక షరతు పెట్టింది" అన్నాడు. "మీ ఊరి పాత గొట్టాలన్నీ మార్చే పనికి ఉత్తర్వు రావాలట. ఎన్నికల ప్రకటనకి ముందే రావాలట. రాకపోతే నిలబడనంది. నాకు షరతులు పెట్టినవాళ్ళని చూసి చాలా కాలమైందయ్యా." అని కూర్చుని, కళ్ళజోడు మీదుగా చూశాడు. "నాలుగేళ్ళుగా ఆ శాఖ నీ చేతుల్లోనే ఉందిగా. నువ్వు ఒక్కసారి కూడా అడగలేదేం?"

సొంత ఊరికి దోచిపెడుతున్నాడంటారని. మీరు విసుక్కుంటారని. వచ్చేసారి ముందు వరసలో కుర్చీ ఉండదని. ఇవన్నీ నాలుక మీదికి వచ్చాయి. "అడిగితే ఇచ్చేవారా?" అన్నాడు చివరికి.

పెద్దాయన నిజంగానే ఆలోచించాడు. "ఏమో," అన్నాడు. "సంతకం నీదే కదా, ఇవాళ పెట్టెయ్యి. నిన్ను ఊరికే వదలనులే, ఎగువసభలో చూస్తాను. ఇక్కడ మాత్రం పేరు ఆవిడది, పని నీది. అదే చెప్పాను ఆవిడకి. ఏమీ మాట్లాడలేదు, నవ్వింది. ఒప్పుకున్నట్టేగా?"

మంత్రిగారికి ఆ నవ్వు కళ్ళకి కట్టింది. లోపలికి రాకముందు ఈ మాట విని ఉంటే ప్రాణం లేచొచ్చేది, అవునండీ, అంతేనండీ, అని చేతులు నలుపుకునేవాడు. ఇప్పటికీ ఒక్క అవును చాలు, ఇల్లూ కారూ లేచి నిలబడే జనమూ ఎక్కడికీ పోవు, ఆవిడ పేరు కింద అన్నీ తనవే.

"లేదండీ," అన్నాడు. "ఆవిడ నవ్విందంటే సరే అన్నట్టు కాదు. మనం చెప్పింది విన్నది, అంతవరకే. ఆవిడ పని ఆవిడే చేసుకుంటుంది. నన్ను అడిగితే చెబుతాను. అడక్కపోతే," ఇక్కడ ఆగాడు, "అడక్కపోతే ఊరుకోవడం నేర్చుకోవాలి."

"ఊరుకోగలవా?" అన్నాడు పెద్దాయన.

"తెలీదండీ."

బయటికొచ్చేసరికి ఆవిడ లేచి సిద్ధంగా ఉంది. ఇద్దరూ నడవా వెంట నడుస్తుంటే ఆయన ఫోను మోగింది. ఊరి నుంచి పార్టీ మనిషి, మేఘాలు చీల్చే గొంతు. "సార్, మిల్లు వెనక పేటలో రెండ్రోజుల్నించి నీళ్ళు రావట్లేదు సార్, మోటారు కాలిపోయిందంటున్నారు, జనం రోడ్డెక్కేట్టున్నారు, ఏం చెయ్యమంటారు?" ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. పాత ట్యాంకు దగ్గర వాడకుండా ఉన్న మోటారు ఒకటుంది, ఎవరికి ఫోను చేస్తే గంటలో కదులుతుందో తెలుసు, ఆ మనిషి నంబరు కూడా నోటికొచ్చు. మాట పెదాల దాకా వచ్చింది. ఫోను చెవి నుంచి తీసి ఆవిడ వైపు చాచాడు.

"నీకే."

ఆవిడ ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి తీసుకుంది. "ఆ, నేనే మాట్లాడుతున్నా... రెండ్రోజులా? ఇవాళే చెబుతున్నావేం?... సరే అది తరవాత, ముందు ఇది చెప్పు, తాగడానికి ఎక్కణ్ణించి తెచ్చుకుంటున్నారు వాళ్ళు?... చేతిపంపులోంచా, ఏ పంపు?... ఆ పంపు నీళ్ళు తాగొద్దని ముందు ఇంటింటికీ వెళ్ళి చెప్పు, నేను లైన్లోనే ఉంటా..." మోటారు మాట ఇంకా ఆవిడ ఎత్తనే లేదు. ఆవిడకి పాత ట్యాంకు దగ్గరి మోటారు సంగతి తెలీదు. అడుగుతుందేమోనని ఆయన పక్కనే నడిచాడు, నాలుక చివర ఆ నంబరు తిరుగుతూనే ఉంది. మెట్లు దిగారు. డ్రైవరు కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ ఒక కాలు లోపల పెట్టి, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, వెనక్కి తిరిగింది.

"ఏమండీ, మోటారు ఎక్కడైనా దొరుకుతుందా?"